తాతగారి జర్మన్ ఆల్బం: మిషెల్ సంఖ్యలకూ స్కాట్ సంఖ్యలకూ పొంతన ఎందుకు కుదరడం లేదు?

రూర్కెలా మనవడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా అమ్మగారి నాన్నగారు 1960లలో రూర్కెలా ఉక్కు కర్మాగారంలో పనిచేశారు. ఆ కర్మాగారాన్ని పశ్చిమ జర్మనీ సహకారంతో కట్టారు కనుక జర్మన్ ఇంజనీర్లు కుటుంబాలతో సహా ఆ ఊళ్లోనే ఉండేవారు. వారికి ఇంటి దగ్గర నుంచి వచ్చే ఉత్తరాల మీది తపాలా బిళ్లలను తాతగారు అడిగి తీసుకుని, నీళ్లలో నానబెట్టి ఊడదీసి, ఆల్బంలో అంటించుకునేవారట. సెలవులకు వెళ్లి వచ్చిన ఒకాయన పాత బిళ్లలు కూడా ఒక కవరు నిండా తెచ్చి ఇచ్చారని అమ్మ చెబుతుంది. తాతగారు పోయాక ఆ ఆల్బం విశాఖపట్నంలో మా బీరువాలో ముప్పై ఏళ్లు పడి ఉంది. ఈ వేసవిలో బయటికి తీశాను.

ప్రతి బిళ్ల కిందా పెన్సిలుతో ఒక సంఖ్య రాసి ఉంది. స్నేహితుడి దగ్గర ఉన్న స్కాట్ కేటలాగు (తపాలా బిళ్లలకు సంఖ్యలూ ధరలూ ఇచ్చే అమెరికా పుస్తకం) తెచ్చి పోల్చి చూస్తే ఒక్కటీ కలవలేదు. ఉదాహరణకు పోస్ట్‌మాన్ కొమ్ము బొమ్మ, దాని మధ్యలో విలువ ఉన్న పదహారు బిళ్లల వరుస కింద తాతగారు 123 నుంచి 138 వరకు రాశారు. స్కాట్‌లో అవే బిళ్లలు 670 నుంచి 685 వరకు ఉన్నాయి. ఆల్బంలోనే మడతపెట్టి ఉన్న ఒక జర్మన్ కేటలాగు పుటలో ధరల గళ్ల మీద రెండు చుక్కలు (నక్షత్రపు గుర్తులు, **), ఒక చుక్క (*), ఒక సున్నా ఉన్నాయి. అన్నిటికంటే విచిత్రం ఏమిటంటే 1923 నాటి కొన్ని బిళ్లలకు కొత్తదాని కంటే ముద్ర పడినదానికే ఎక్కువ ధర చూపిస్తున్నారు.

నాకు అమ్మే ఉద్దేశం లేదు. కానీ ఉన్నదేమిటో తెలుసుకోవాలని ఉంది. ఏ కేటలాగు కొనాలి, దాన్ని ఎలా చదవాలి అన్నది పెద్దలెవరైనా వివరించగలరా?

పాత బిళ్లల పంతులు:

మీ తాతగారు పొరబడలేదండీ. ఆయన రాసినవి మిషెల్ సంఖ్యలు. జర్మనీలో తూరింగియా ప్రాంతంలోని అపోల్డా పట్టణంలో హ్యూగో మిషెల్ అనే వ్యాపారి 1910లో వేసిన ధరల పట్టికే పెరిగి పెద్దదై ఆ పేరుతో నేటికీ వస్తోంది. ఇప్పుడు దాన్ని ష్వానెబెర్గర్ ప్రచురణ సంస్థ వేస్తోంది. జర్మన్ మాట్లాడే సేకర్తలందరూ ఈ సంఖ్యలతోనే బిళ్లలను పిలుచుకుంటారు. బిళ్లలు ఇచ్చిన ఇంజనీర్ల దగ్గరే ఆయన ఈ పద్ధతి కూడా నేర్చుకుని ఉంటారు. మన దేశంలో మనం బ్రిటన్ వారి స్టాన్లీ గిబ్బన్స్ కేటలాగుకు అలవాటు పడ్డాం. నిజాం ప్రభుత్వపు బిళ్లలు వెతికే వారెవరూ మిషెల్ తెరవరు. అలాగే జర్మన్ బిళ్లల కోసం స్కాట్ తెరిస్తే సగం సంగతే తెలుస్తుంది.

రెండింటికీ పొంతన కుదరకపోవడానికి కారణం లెక్కించే తీరులోనే ఉంది. స్కాట్ మామూలు బిళ్లలను ఒక వరుసలో, దానధర్మాల కోసం అదనపు రుసుము వేసినవాటిని 'బి' అక్షరంతో మరో వరుసలో, విమాన తపాలా బిళ్లలను 'సి' అక్షరంతో ఇంకో వరుసలో లెక్కిస్తుంది. మిషెల్ ఇలా విడదీయదు, ఏది ముందు వెలువడితే దానికి ముందు సంఖ్య ఇచ్చుకుంటూ పోతుంది. 1931లో గ్రాఫ్ జెప్పెలిన్ ఉత్తర ధ్రువ యాత్రకు వెలువడిన మూడు బిళ్లలు మిషెల్‌లో 456 నుంచి 458 అయితే, స్కాట్‌లో సి40 నుంచి సి42.

రెండో తేడా 1945 తరువాత వస్తుంది. స్కాట్ పాత జర్మనీ వరుసనే పశ్చిమ జర్మనీకి పొడిగించింది, అందుకే మీ కొమ్ము బిళ్లలు ఆరు వందలు దాటిపోయాయి. మిషెల్ యుద్ధానంతరం మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. మొదటి 110 సంఖ్యలు అమెరికా, బ్రిటన్ ఆక్రమణ ప్రాంతాల బిళ్లలకు ఖర్చయ్యాయి. సమాఖ్య గణతంత్రం పేరిట తొలి బిళ్లలు, అంటే 1949 సెప్టెంబరు 7న పార్లమెంటు ప్రారంభానికి వేసిన రెండూ, 111, 112 అయ్యాయి. 1951–52లో వచ్చిన కొమ్ము వరుస 123 దగ్గర మొదలవడం అందువల్లనే. పశ్చిమ బెర్లిన్‌కు వేరే లెక్క, తూర్పు జర్మనీకి వేరే లెక్క. కనుక ఊరికే 'మిషెల్ 1' అంటే అర్థం లేదు: 1849 నవంబరు 1న వెలువడిన బవేరియా నల్లని ఒక క్రాయ్‌ట్సర్ బిళ్ల, జర్మన్ నేల మీది మొట్టమొదటి తపాలా బిళ్ల, అదీ 'ఒకటే', 1872 నాటి సామ్రాజ్యపు బిళ్ల కూడా 'ఒకటే'. సంఖ్యకు ముందు తాతగారు ఏవైనా పొడి అక్షరాలు రాశారేమో చూడండి. వాటిని మాత్రం చెరపకండి.

ఇక గుర్తుల సంగతి. రెండు చుక్కలంటే వెనుక జిగురు ముద్రణాలయం నుంచి వచ్చినట్లే చెక్కుచెదరకుండా ఉన్న కొత్త బిళ్ల. ఒక చుక్కంటే కొత్తదే గానీ, ఆల్బంలో అంటించడానికి వాడే హింజ్ కాగితపు మచ్చ వెనుక ఉన్నది. ముద్రలాంటి గుండ్రని గుర్తు వాడిన బిళ్లది. కొమ్ము వరుసలో ఈ మూడింటి మధ్య దూరం ఆకాశానికీ భూమికీ ఉన్నంత. రెండు చుక్కల సెట్టు కేటలాగులో వేయి యూరోలు దాటి ఉంటుంది, వాడిన సెట్టు అందులో చాలా చిన్న భాగం. 1950లలో వాటిని దాచుకున్నవారు తక్కువ, ఉత్తరాల మీద అంటించి పంపినవారు ఎక్కువ కావడమే దీనికి కారణం. అందుకే వాటికి కొత్తగా జిగురు పూసి 'చెక్కుచెదరనివి' అని అమ్మేవారు కూడా పుట్టుకొచ్చారు.

సంఖ్య పక్కన వచ్చే అక్షరాలు కూడా నేర్చుకోవాలి. పెద్ద ఏ, బీ అంటే అంచు పళ్ల తేడా. చిన్న ఏ, బీ అంటే రంగు ఛాయల తేడా. రోమన్ అంకెలు బొమ్మ గీసిన తీరులో తేడా. కొన్నిచోట్ల కాగితంలోని నీటిగుర్తు (వాటర్‌మార్క్) మారితే అక్షరం కాదు, సంఖ్యే మారిపోతుంది. 1921లో ముద్రించిన కార్మికుల బొమ్మల బిళ్లలకు కాగితంలో వజ్రాకారపు నీటిగుర్తు ఉండేది. తరువాత అవే బొమ్మలు వలలాంటి గళ్ల నీటిగుర్తు ఉన్న కాగితం మీద వచ్చాయి. పైకి రెండూ ఒకటే. నల్లని పళ్లెంలో బిళ్లను బోర్లా వేసి రెండు చుక్కలు లైటర్ పెట్రోలు వేస్తే గుర్తు బయటపడుతుంది (దీపం, అగ్గి దగ్గర లేకుండా, కిటికీ తీసి చేయండి).

ఆల్బంలో 1872 నాటి గరుడ పక్షి బిళ్లలు ఉంటే వాటిని మాత్రం ఏ బరువు కిందా పెట్టకండి. మధ్యలోని పక్షిని ఉబ్బెత్తుగా అచ్చొత్తారు. ఛాతీ మీది డాలు చిన్నదా పెద్దదా అన్నదాన్ని బట్టి అవి రెండు వేరు వేరు వరుసలు. ముప్పై ఏళ్లు పుటల మధ్య నలిగిన పక్షి చదునైపోయి, డాలు ఏదో చెప్పడం కష్టమవుతుంది. ఏటవాలు వెలుతురులో పట్టుకుని చూడండి.

లెక్కల మనిషి:

పంతులుగారు చెప్పినదంతా సరే గానీ, 1923 సంగతి ఆయన ముట్టుకోలేదు. నాకు జర్మనీ మొత్తంలో ఇష్టమైన ఏడాది అదే, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఆ ఏడాది దేశం లోపల ఒక మామూలు ఉత్తరం పంపడానికి అక్టోబరు 1న 20 లక్షల మార్కులు కావాలి. అక్టోబరు 10న 50 లక్షలు, 20న కోటి. నవంబరు 1న 10 కోట్లు, 5న 100 కోట్లు, 12న 1,000 కోట్లు, 20న 2,000 కోట్లు, 26న 8,000 కోట్లు. డిసెంబరు 1న 10,000 కోట్లు. అక్కడితో రెంటెన్‌మార్క్ వచ్చి లక్ష కోట్ల పాత మార్కులను ఒకటిగా లెక్కకట్టింది. ముద్రణాలయాలు ఈ వేగాన్ని అందుకోలేక పాత బిళ్లల మీదనే కొత్త విలువలు అచ్చొత్తాయి. రెండు వందల మార్కుల బిళ్ల మీద లక్షలు కనబడటం అందుకే. నవంబరు 26 నుంచి నెలాఖరు వరకు తపాలా శాఖ ఒక ఉపాయం చేసింది: బిళ్ల మీద ఉన్న అంకె ఏదైనా దాని విలువ నాలుగింతలుగా చెల్లుతుంది. అంటే 2,000 కోట్ల బిళ్ల ఒక్కటి అంటిస్తే 8,000 కోట్ల ఉత్తరం కదులుతుంది. (అంకెలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త: బిళ్ల మీద 'మిలియార్డెన్' అని ఉంటే అది మన 100 కోట్ల లెక్క. జర్మన్ భాషలో 'బిలియోన్' అంటే లక్ష కోట్లు. అమెరికా పుస్తకం పక్కన పెట్టుకుని చదివితే ఇక్కడే తప్పుదారి పడతాం.)

ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు. ఇన్ని అచ్చువేసిన బిళ్లల్లో చాలావాటికి ఉత్తరం మీద అంటించే యోగ్యత కొద్ది వారాలే, కొన్నిటికి కొద్ది రోజులే. ఆ తరువాత మిగిలినవి రాశులుగా వ్యాపారుల చేతుల్లో పడ్డాయి. అందువల్ల కొత్తవి గుప్పెళ్లతో దొరుకుతాయి, ఆ రోజుల్లో నిజంగా ఉత్తరం మీద ప్రయాణించినవి దొరకవు. ధర తలకిందులైంది. ధర తలకిందులైన చోట మోసం తప్పక పుడుతుంది: చవక బిళ్ల మీద దొంగ ముద్ర వేయడం, అసలు ముద్ర పరికరాన్నే పట్టుకుని పాత తేదీ పెట్టి వేయడం, రెండూ జరిగాయి. మిషెల్ కేటలాగు ఈ కాలపు వాడిన బిళ్లలకు ఇచ్చే ధర పరీక్షకుడు (బిళ్ల, ముద్ర అసలైనవో కావో తేల్చే నిపుణుడు) చూసి ఒప్పుకున్నవాటికే అని స్పష్టంగా పెట్టడం అందుకే. ఇన్‌ఫ్లా బెర్లిన్ అనే సేకర్తల సంఘం ఈ ఒక్క కాలాన్నే పట్టుకుని పనిచేస్తోంది. బిళ్ల వెనుక ఆ పేరుతో చిన్న ముద్ర ఉందేమో చూడండి.

మీ దగ్గర ఉన్నవాటిని ఇంట్లోనే కొంతవరకు వడపోయవచ్చు. ముద్రలో తేదీ, ఊరు చదవగలిగితే చదవండి. బిళ్ల వెలువడిన తేదీ కంటే ముద్ర తేదీ ముందుదైతే కథ అక్కడే ముగిసింది. ముద్ర మూలకు మాత్రమే శుభ్రంగా, జిగురుతో సహా పడి ఉంటే నేను అనుమానిస్తాను. అంత తొందరలో ఉన్న గుమాస్తా అంత పొందికగా కొట్టడు. 1923 చివరి పెద్ద విలువల్లో కొన్నిటికి అంచున గుండ్రని రంధ్రాల పళ్లుంటాయి, కొన్నిటికి చీలికల వంటి కోతలుంటాయి. ఈ రెండో రకం 'బీ' అక్షరంతో వస్తుంది, దాన్ని వేరుగా పెట్టండి.

కేటలాగు విషయంలో ఒక మాట. మిషెల్ వారి రెండు సంపుటాల స్పెషల్ (జర్మనీ బిళ్లల చిన్న చిన్న తేడాలు కూడా ఇచ్చే పెద్ద కేటలాగు) కొనమని ఎవరో ఒకరు చెబుతారు. వద్దు. కాలం చెల్లిన ఏ సంవత్సరపు మామూలు జర్మనీ కేటలాగైనా మీకు చాలు. సంఖ్యలు మారవు, మారేది ధర ఒక్కటే, దానితో మీకు పని లేదన్నారు కదా.

మైన్ నది ఒడ్డున:

నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడివారు ఆ పేరును 'మిహెల్' అని పలుకుతారు, కానీ మనవాళ్లంతా మిషెల్ అంటున్నారు కనుక నేనూ అలాగే రాస్తాను.

లెక్కల మనిషిగారితో సగం ఏకీభవిస్తాను. స్పెషల్ మొదటి సంపుటం 1849 నుంచి 1945 ఏప్రిల్ వరకు, రెండోది ఆ తరువాతి కాలానికి. మొదటిదానితో ఈయనకు ప్రస్తుతం పని లేదన్నది నిజమే. రెండోదాని విషయంలో మాత్రం తొందరపడకండి. 1960లలో రూర్కెలాకు వచ్చిన ఉత్తరాలంటే వాటి మీద ఎక్కువగా ఉండేవి తొలి అధ్యక్షుడు తెయోడోర్ హాయిస్ బొమ్మ బిళ్లలూ, వాటి తరువాత వచ్చిన ప్రముఖ జర్మన్ల బొమ్మల వరుసా అయి ఉండాలి. మామూలు కేటలాగులో హాయిస్ బిళ్ల ఒక గీతలో అయిపోతుంది. స్పెషల్‌లో అదే బిళ్లకు కాగితం తేడా, నీటిగుర్తు దిశ తేడా, చుట్టగా అమ్మిన బిళ్లల వెనుక అంకెలు, అచ్చు పలకల లోపాలు అన్నీ విడివిడిగా ఉంటాయి.

ముఖ్యంగా కాగితం. ఉత్తరాలను యంత్రమే తిప్పి ముద్ర వేసేలా చేయడానికి డార్మ్‌స్టాట్‌లో ప్రయోగాలు జరిగాయి. ఆ యంత్రం బిళ్ల ఎక్కడుందో కనుక్కోవాలంటే బిళ్ల మెరవాలి. అందుకని హాయిస్ బిళ్లల్లో కొన్ని విలువలను అతినీలలోహిత కాంతిలో పసుపుగా వెలిగే కాగితం మీద ముద్రించారు. మిషెల్ వాటిని సంఖ్య పక్కన 'వై' అక్షరంతో గుర్తిస్తుంది. పగటి వెలుతురులో తేడా ఏమీ కనబడదు. దొంగ నోట్లు పట్టుకునే చిన్న దీపం ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది, దానితో చీకటి గదిలో చూడండి. కానీ నీలం తెలుపు మెరుపు చూసి మోసపోకండి: తెల్లని కవర్లతో కలిపి నానబెట్టినప్పుడు కవరు కాగితంలోని రసాయనం బిళ్లకు అంటుకుని అలా మెరుస్తుంది. మనకు కావలసింది నిమ్మపండు పసుపు.

ధరల గురించి, అమ్మే ఉద్దేశం లేకపోయినా చెప్పడం మంచిది. మిషెల్‌లోని అంకె మంచి స్థితిలో ఉన్న బిళ్లను వ్యాపారి ఒక్కొక్కటిగా అమ్మే ధరకు సూచన. మీరు అమ్మబోతే వచ్చేది అందులో చిన్న ముక్క. వేలంలో పెట్టెలకు పెట్టెలు ఎంత చవకగా పోతాయో ఇక్కడ కళ్లారా చూస్తూ ఉంటాను. 2002 జూన్ 30తో మార్కు బిళ్లలు తపాలాకు చెల్లకుండా పోయాయి కనుక, 1970ల నుంచి చందా కట్టి మరీ దాచుకున్న కొత్త బిళ్లల పెట్టెలు ఇక్కడి ముసలివారిళ్లలో బరువుగా మిగిలాయి. తూర్పు జర్మనీ బిళ్లలు మీ ఆల్బంలో ఉన్నాయేమో తెలియదు. ఉంటే వాటిలో ముద్ర చక్కగా మూలకు పడినవి చాలావరకు ప్రయాణం చేయనివే, సేకర్తల కోసం ముద్ర వేసి అమ్మినవే. ఆ ప్రభుత్వం సెట్టులో ఒక విలువను కావాలనే తక్కువ ముద్రించి, సేకర్తలకు లెక్కపెట్టి ఇచ్చేది. సెట్టులో ఎప్పుడూ దొరకనిది ఆ ఒక్కటే.

పరీక్షకుల విషయం. ఇక్కడ పరీక్షకుల సమాఖ్య ఒకటి ఉంది, పొట్టిపేరు బీపీపీ. ఒక్కో కాలానికి, ఒక్కో ప్రాంతానికి ఒక్కో నిపుణుడు. వారు బిళ్ల వెనుక చిన్న ముద్ర వేస్తారు, లేదా క్లుప్త నివేదిక ఇస్తారు, లేదా ఫొటోతో పూర్తి ధ్రువపత్రం ఇస్తారు. 1948–49లో నలుపు, ఎరుపు రంగులతో బెర్లిన్ పేరు అచ్చొత్తిన బిళ్లల వంటివాటిని వారి ముద్ర లేకుండా ఎవరూ కొనరు, ఎందుకంటే ఆ అచ్చును నకలు చేయడం చాలా తేలిక. కానీ రుసుముంటుంది, రానూపోనూ తపాలా ఖర్చుంటుంది. రెండు యూరోల బిళ్లను పంపి ఇరవై యూరోలు ఖర్చుపెట్టుకున్నవారు నాకు తెలుసు. (అందులో నేనొకణ్ని.)

కేటలాగు ధరకూ బిళ్ల కథకూ ఎంత సంబంధముందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ ఇచ్చి ఊరుకుంటాను. 1980 మాస్కో ఒలింపిక్స్‌కు పశ్చిమ జర్మనీ ఒక బిళ్ల సిద్ధం చేసింది. ఆ దేశం ఆటలకు వెళ్లకపోవడంతో దాన్ని వెలువరించలేదు. అయితే నమూనాలు తపాలా మంత్రి కుర్ట్ గ్షైడ్లె దగ్గర ఉండిపోయాయి, ఆయన భార్య పొరపాటున వాటిలో కొన్నిటిని మామూలు ఉత్తరాలకు అంటించి పంపేశారు. ముద్ర పడిన ఆ కొద్దిపాటి కాగితపు ముక్కలు నేడు ఆధునిక జర్మన్ బిళ్లల్లో అత్యంత ఖరీదైనవాటిలో ఉన్నాయి. కాబట్టి మామూలు కవర్ల మీది ముక్కలని చిన్నచూపు చూడకండి.

రూర్కెలా మనవడు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. పంతులుగారు చెప్పినట్లు భూతద్దంతో చూస్తే సంఖ్యల ముందు నిజంగానే పొడి అక్షరాలున్నాయి, అరిగిపోయి కనబడలేదు. 1923 బిళ్లల్లో ముద్ర పడినవి ఏడు. రెండింటిలో తేదీ చదవగలిగాను, ఒకటి బిళ్ల రావడానికి ముందు తేదీయే. లెక్కల మనిషిగారు నవ్వుకోవచ్చు.

ఒక ఇబ్బంది అడగడం మరిచాను. మాది సముద్రపు గాలి తగిలే ఇల్లు. పాత బిళ్లల్లో కొన్ని పుటకు అంటుకుపోయాయి, కొన్నిటి అంచులు గోధుమరంగుకు తిరిగాయి. వాటిని నీళ్లలో వేసి విడదీయవచ్చా?

పాత బిళ్లల పంతులు:

వాడిన బిళ్లలైతే వేయవచ్చు. జిగురున్న కొత్తవాటిని మాత్రం నీళ్లలో వేయకండి, రెండు చుక్కల బిళ్ల జిగురే లేనిదైపోతుంది. అవి ఉన్న పుటను ఒక మూత డబ్బాలో, అడుగున తడి గుడ్డ పెట్టి, దానికి తగలకుండా కొన్ని గంటలు ఉంచితే చెమ్మకు మెల్లగా వదులుతాయి. మధ్యలో తీసి చూస్తూ ఉండాలి. గోధుమరంగు మన తీరప్రాంతపు శాపం, కాకినాడలో నా ఆల్బాలకూ అదే గతి. ప్లాస్టిక్ కవర్లు వాడకండి, పాతబడ్డాక అవే బిళ్లను పాడుచేస్తాయి. నున్నని పారదర్శక కాగితపు కవర్లలో పెట్టి, బీరువాలో తేమ పీల్చే సిలికా పొట్లాలు వేసి, ఆల్బాన్ని పడుకోబెట్టకుండా నిలబెట్టండి.

రూర్కెలా మనవడు:

నిన్న రాత్రి దీపం తెచ్చి, కరెంటు ఆపి, హాయిస్ బిళ్లలు ముప్పై నాలుగింటినీ చూశాను. ఎక్కువభాగం ఏమీ మెరవలేదు. ఆరు నీలంగా మెరిశాయి, అవి కవరు రసాయనమేనని లెక్కవేశాను. రెండు మాత్రం నిమ్మపండు పసుపు. ఒకదాని మీద ముద్రలో డూయిస్‌బుర్గ్ అని సగం చదవగలుగుతున్నాను. ఆ రెండింటి కిందా తాతగారు సంఖ్య రాసి, పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టారు. రెండో సంపుటం పాత ప్రతి ఒకటి ఎక్కడైనా దొరుకుతుందేమో, మైన్ నది ఒడ్డున ఉన్నవారు కాస్త చూసిపెట్టగలరా?